ఎజ్ అంటే నేను

చావేత్ ఖో బిగ్రె. చావేత్ ఖో బిగ్రె. కళ్ళు మూసుకో అని అర్థం, అంతకుమించి ఏమీ లేదు, అయినా పెదవి కదిపిన ప్రతిసారీ నా తెలుగు చెవికి అందులో చావే వినిపిస్తోంది. కుర్దిష్‌లో కంటిని చావ్ అంటారు. అనాలి. ఎన్నిసార్లయినా అనాలి, ఆ మాటలోంచి భయం రాలిపోయి ఉత్త కన్ను మిగిలేదాకా అనాలి. ఆస్పత్రి వరండాలో ఈ ప్లాస్టిక్ కుర్చీ చల్లగా ఉంది, ఏసీ నెత్తిమీదే ఉంది, ఎదురుగా మూసిన తలుపు మీద స్పీచ్ థెరపీ అని ఇంగ్లీషు, చైనీస్, మలయ్, తమిళ అక్షరాల్లో రాసి ఉంది. నా మొగుడి భాష అందులో లేదు, నాదీ లేదు. లోపల మిస్ తియో ఎవరో ముసలాయన చేత అచ్చులు పలికిస్తోంది, ఆ... ఊ... అని బయటికి వినబడుతోంది. ఆయనది అయ్యాక మా వంతు. వార్డు నుంచి కార్వాన్‌ని చక్రాల కుర్చీలో తీసుకొస్తారు. చెప్పింది అర్థం చేసుకుని చేయగలడని ఇవాళ తేలితే రిహాబ్ వార్డులో పడక దొరుకుతుంది, రోజూ మాట నేర్పుతారు, నడక నేర్పుతారు. తేలకపోతే కంపెనీ అతన్ని స్వీడన్‌లో ఏదో సంరక్షణ గృహానికి పంపే ఏర్పాటు చేస్తుంది, పాస్‌పోర్టు అక్కడిది కాబట్టి. "చెప్పింది అర్థం కాని మనిషికి మేం నేర్పేదేముంటుంది, మిసెస్ కార్వాన్?" అన్నాడు పెద్ద డాక్టరు, చాలా మర్యాదగా. అర్థం కాని మనిషట. ఎవరికి ఎవరు అర్థం కావడం లేదో ఇవాళ తేలుతుంది.

చావేత్ ఖో బిగ్రె. ఆ 'ఖో' గొంతు అడుగునుంచి రావాలి, గీరుకున్నట్టు. మొదటిసారి ఆ శబ్దం విన్నది ఎక్స్‌పో స్టేషన్ పక్క, తిండి కొట్లుండే హాకర్ సెంటర్‌లో. అప్పట్లో చాంగీ బిజినెస్ పార్కులో ప్రతి వారం ఒక కొత్త తెలుగు మొహం కనబడేది, బ్యాంకులన్నీ తమ లెక్కల యంత్రాలను ఇక్కడికి తెచ్చిపెడుతున్నాయి, అమీర్‌పేటలో టెస్టింగ్ కోర్సు చేసిన వాళ్ళందరికీ విమానం టికెట్లు వస్తున్నాయి, నేనూ అలా వచ్చినదాన్నే. బల్ల మీద టిష్యూ ప్యాకెట్ పెట్టి, ఇక్కడి పద్ధతిలో చోటు చోప్ చేసుకుని, అంటే పట్టిపెట్టుకుని, నూడుల్స్ తెచ్చుకునేసరికి ఒక పొడుగాటి మనిషి నా కుర్చీలో కూర్చుని నా టిష్యూలతోనే మొహం తుడుచుకుంటున్నాడు. హోటల్ వాళ్ళు ఇచ్చారనుకున్నాడట. జురాంగ్ ఐలాండ్‌లో ఒక ప్లాంటుకు కంట్రోల్ ఇంజనీరు, ఏదో పని మీద ఇటు వచ్చాడు. పేరు కార్వాన్ అన్నాడు. నాకు నవ్వాగలేదు. "మా హైదరాబాద్‌లో కార్వాన్ అని ఒక పేట ఉంది తెలుసా? ఆ బస్సులో నేను రోజూ నిలబడి పోయేదాన్ని," అన్నాను. అతను ఒక్క క్షణం ఆలోచించి, "మరి ఇప్పుడు కూర్చో," అని నా కుర్చీ నాకు ఖాళీ చేసి ఇచ్చాడు. ఇంగ్లీషులోనే పరిచయం, ఇంగ్లీషులోనే పోట్లాట, ఇంగ్లీషులోనే రిజిస్ట్రీలో సంతకాలు. ఇద్దరిలో ఎవరికీ అమ్మ నేర్పని భాషలో కాపురం. కాకపోతే అంచుల దగ్గర అతనిది కారుతూ ఉండేది. ఆఫీసు నుంచి వస్తే మాందూ నబీ అనేవాడు, అలసిపోకుందువుగాక అని. నేను పచ్చిపులుసు చేస్తే దస్త్ ఖోష్, నీ చెయ్యి చల్లగుండ. ఏది అడిగినా సర్ చావ్, నా కళ్ళమీద పెట్టుకుని చేస్తానని. చావ్ అనొద్దు, మాకు చెడ్డ మాట అని కసిరితే చేత్తో కళ్ళు మూసుకుని, అయితే మీ భాషలో కన్ను చచ్చిపోయిందా అనేవాడు. నీళ్ళకు ఆవు. పెదవులు గుండ్రంగా చుట్టి ఆఉ అనేవాడు. ఇంట్లో ఆవులు లేవు, ఫ్రిజ్‌లో నీళ్ళున్నాయి తాగు అనేదాన్ని.

ముసలాయన అచ్చులు ఆగాయి. మళ్ళీ మొదలయ్యాయి. ఇంకా టైముంది. అతను కంట్రోల్ రూములో తెరల ముందు కూర్చున్నవాడు కూర్చున్నట్టే పక్కకు ఒరిగాడని ఫోన్ వచ్చినప్పుడు నేను మీటింగులో ఉన్నాను. మెదడులో ఎడమవైపు రక్తనాళం మూసుకుపోయింది, కుడి చెయ్యి, కుడి కాలు వేలాడిపోయాయి, మాట పోయింది. ముప్పై తొమ్మిదేళ్ళ మనిషి, సిగరెట్టు కూడా తాగడు. తెలివి వచ్చాక అందరూ ఇంగ్లీషులో పిలిచారు. పలకలేదు. ఇరాక్‌లో పుట్టాడని ఫైల్లో చూసి అరబ్బీ వచ్చిన ఒక పెద్దాయన్ని తెచ్చారు. ఆయన పాపం ఎంతో ప్రేమగా మాట్లాడాడు, కార్వాన్ మొహం గోడవైపు తిప్పుకున్నాడు. స్వీడిష్ తెలిసిన ఒకావిడ వచ్చింది, పంతొమ్మిదేళ్ళకు శరణార్థిగా వెళ్ళి పదేళ్ళకు పైగా బతికిన భాష కదా అది, దానికీ రెప్ప కదల్లేదు. అప్పుడు నేను, అంచుల దగ్గర కారినదాన్ని ఏరుకున్న నేను, చోనీ, కార్వాన్, చోనీ అన్నాను. బాగున్నావా అని. నావైపు చూశాడు. ఆ చూపు ఎరిగిన మనిషి చూపే, అక్కడివరకూ ప్రమాణం చేసి చెప్పగలను, కానీ మాట దగ్గరికి వచ్చి ఆగిపోయింది, తాళం పట్టని తలుపు దగ్గర ఆగినట్టు. ఆ తర్వాత వారం మొత్తం అతని నోట ఒకటే శబ్దం. ఎజ్. ఎజ్. ఎజ్. అన్నం తినిపిస్తుంటే ఎజ్, పక్క మారుస్తుంటే ఎజ్, రాత్రి డ్యూటీ నర్సు లైటు ఆర్పుతుంటే ఎజ్. ఇలాంటి జబ్బులో ఒక అర్థం లేని శబ్దం అతుక్కుపోవడం మామూలేనని డాక్టరు అన్నాడు. ఎస్ అంటున్నాడేమో అనుకుని నేను రెండు రోజులు ఎస్, ఎస్, ఏం కావాలి అని అడిగాను. అతను కోపంగా తల విదిలించాడు. ఎజ్!

"ఏమ్మా ఉదయా, మకాన్ చేసినావా, తిన్నావా లేదా?" పక్క కుర్చీ కిర్రుమంది. కుమారమ్మ ఆంటీ. బిషాన్‌లో మా బ్లాకులోనే కింది అంతస్తులో ఉంటుంది. తాత కాలంలో విశాఖపట్నం వైపు నుంచి ఓడలో వచ్చిన కుటుంబం, డెబ్బై దాటినా నడకలో జోరు తగ్గలేదు. చేతిలో ఫ్లాస్కు. ఇందాక నేను గొణిగింది విన్నట్టుంది, మొహం చిట్లించింది. "ఏంది ఆ మాట? చావు, చావు అని? ఆస్పత్రిలో కూర్చోని అట్లా అనకూడదు లా."

"అది కన్ను, ఆంటీ. వాళ్ళ భాషలో కన్నుని అట్లంటరు. ఇప్పుడు పరీక్ష ఉంది. నేను అడగాలె, ఆయన చెయ్యాలె."

"ఇంగ్లీషులో అడిగితే?"

"ఇంగ్లీషు పోయిందాంటీ."

ఆమె ఫ్లాస్కు మూత తిప్పి గంజి పోసి నా చేతిలో పెట్టింది. కొంచెంసేపు తలుపు మీది తమిళ అక్షరాలు చూస్తూ కూర్చుంది. "మా నాయనకు కూడా ఆఖర్లో అన్నీ పోయినాయి," అంది నెమ్మదిగా. "హార్బర్‌లో పనిచేసినాడు, మలయ్ ఎంత బాగా మాట్లాడేవాడో, తమిళం, కొంచెం హొక్కియన్ చైనీసు కూడా. అన్నీ పోయినాయి. వాళ్ళమ్మ మాటలే మిగిలినాయి. నేను వేరే ఊర్లో ఉన్నా, జొహోర్‌లో, వచ్చేలోపు తమ్ముళ్ళే చూసుకున్నారు. వాళ్ళకు తెలుగు రాదు, తమిళమే. ఆయన దప్పిక, దప్పిక అన్నాడంట. వీళ్ళు దుప్పటి అనుకున్నారు. కప్పినారు. ఆయన తోసేస్తే ఇంకోటి కప్పినారు." గంజి పక్కన పెట్టేశాను. ఆంటీ కన్నీళ్ళు పెట్టుకోలేదు, నా మోకాలి మీద చరిచింది. "నువ్వు అడుగు. గట్టిగా అడుగు. చావైతే చావు, కన్నైతే కన్ను."

దప్పిక. నాకు ఆ మాట అర్థం కావడానికే ఒక్క క్షణం పట్టింది. నాది దూప. మా జగిత్యాలలో మా అమ్మ నోట, బడి నుంచి ఉరికొచ్చిన నా నోట, దూపైతుంది అమ్మా. అమీర్‌పేట హాస్టల్లో మొదటి రోజు అదే మాట అంటే గదిలో ఉన్న అమ్మాయిలు ఒకరి మొహం ఒకరు చూసుకుని కిసుక్కుమన్నారు. దూపేంటి, ధూపం వేస్తావా అని. ఆ వారంలోనే నేను దాహం నేర్చుకున్నాను. తర్వాత వాటర్ నేర్చుకున్నాను. ఇప్పుడు నా తలలో కూడా ఒక నాళం మూసుకుపోతే నేను ఏ మాటతో నీళ్ళడుగుతాను? అడిగితే ఈ ఊళ్ళో ఎవరిస్తారు? ఆ ప్రశ్న నన్ను వణికించలేదు, నడుం నిలబెట్టింది. ఎందుకంటే నీళ్ళ దగ్గరే నాకు దారి దొరికింది. పోయిన ఆదివారం, అతని పెదవులకు తడి గుడ్డ అద్దుతుంటే కళ్ళు గ్లాసు మీద పెట్టి ఆవ్ అన్నాడు. ఎజ్ కాని మొదటి మాట. నేను సంబరంగా ఆఉ, ఆఉ, ఇస్తున్నా అంటూ తాగించబోయి ఆగాను. పెదవులు గుండ్రంగా చుట్టలేదు. పై పళ్ళు కింది పెదవికి ఆనాయి. ఆవ్. నాలుగేళ్ళలో ఎప్పుడూ అతను నీళ్ళను అలా అనలేదు. పక్షవాతం వచ్చిన నోరు కాబట్టి వంకర పోయిందని ఎవరైనా అంటారు. మళ్ళీ అడిగాను, మళ్ళీ అలాగే అన్నాడు, స్పష్టంగా, పళ్ళు ఆనించి. వంకర పోయిన నోరు ప్రతిసారీ ఒకే చోట ఆగదు.

గోథెన్‌బర్గ్‌లో ఉండే వాళ్ళ అక్క హేవీకి ఇంటర్నెట్ ఫోన్ కలిపి ల్యాప్‌టాప్ అతని దిండు పక్కన పెట్టాను. ఆమె రావడానికి సెలవు, వీసా చూసుకుంటోంది. ఏమీ అనలేదు నేను, విను అని మాత్రం అన్నాను. కార్వాన్ తెరలోకి చూసి ఎజ్ అన్నాడు, ఆవ్ అన్నాడు, తర్వాత దాయే అన్నాడు. అటువైపు హేవీ తన కుర్చీ తెరకు దగ్గరగా లాక్కుంది.  "ఉదయ్ జాన్," అంది. "దాయే అంటే అమ్మా అని. వాడు మా అమ్మ మాట మాట్లాడుతున్నాడు. అమేదీ మాట. నలభై ఏళ్ళకు దగ్గరపడుతున్న మనిషి, ఏడేళ్ళ పిల్లాడిలా మాట్లాడుతున్నాడు." అప్పుడు చెప్పింది. వాళ్ళమ్మది ఉత్తరాన కొండల మీది అమేదీ ఊరు, అక్కడిది బాదినీ. నాన్నది దక్షిణాన సులేమానియా, అక్కడిది సొరానీ. రెండూ కుర్దిషే, కానీ ఒకదాంట్లో పెరిగినవాడికి రెండోది ఊరికే రాదు. అమ్మ పోయాక అక్క అమ్మమ్మ దగ్గర ఉండిపోయింది, తమ్ముణ్ణి నాన్న సులేమానియా తీసుకెళ్ళాడు. అక్కడి బడిలో పిల్లలు వాడి ఆవ్‌ని ఎక్కిరించారు. మరుసటి వేసవికి అక్క చూసేసరికి వాడు ఆఉ అంటున్నాడు. ఇంకెప్పుడూ, అక్కతో కూడా, పాత మాట మాట్లాడలేదు. నేను ఏరుకున్న చోనీ, మాందూ నబీ అన్నీ ఆ రెండో ఊరివి. తాళం వేరే తలుపుది.

"మరి ఎజ్?" అని అడిగాను. "అందరూ అర్థం లేని శబ్దమంటున్నారు."

"ఎజ్ అంటే నేను," అంది హేవీ. "సొరానీలో నేనుకి మిన్ అంటారు. మేం ఎజ్ అంటాం."

వారం మొత్తం. అన్నం తినిపిస్తుంటే, పక్క మారుస్తుంటే, లైటు ఆర్పుతుంటే. నేను, నేను, నేను. ఇక్కడ ఉన్నది నేను అని ఒక మనిషి అరుస్తుంటే మేమంతా చుట్టూ నిలబడి పాపం శబ్దం అంటున్నాం. ఆ రోజు మంచం పక్కన నేలమీద కూర్చుని ఏడ్చాను, దాచడమెందుకు, బాగా ఏడ్చాను. తర్వాత లేచి మొహం కడుక్కుని హేవీని అడిగాను. కళ్ళు మూసుకో ఎట్లా అనాలి. చెయ్యెత్తు ఎట్లా అనాలి. నావైపు చూడు ఎట్లా అనాలి. ఇంటర్నెట్‌లో కుర్దిష్ అని వెతికితే ఒకచోట ఇంగ్లీషు అక్షరాలు, ఒకచోట అరబ్బీ అక్షరాలు, దేన్ని నమ్మాలో తెలియదు, అందుకే చెవినే నమ్మాను. అప్పటినుంచి ట్రైనులో, లిఫ్టులో, టెస్టు రిపోర్టుల మధ్య, ఎదురుగా ఉన్నవాళ్ళు పిచ్చిదనుకున్నా సరే. చెవానీ, బాగున్నావా. బరే ఖో బిదె మిన్, నావైపు చూడు, వాళ్ళ ఎజ్ కూడా అక్కడికొచ్చేసరికి మిన్ అవుతుందట. దస్తే ఖో బిలింద్ కె, చెయ్యి పైకెత్తు. బిలింద్, ఎత్తైన అనే మన ఉర్దూ బులంద్‌కు చుట్టంలా ఉంది, దాన్ని అలా గుర్తుపెట్టుకున్నాను. మా మేనేజర్ వీరభద్రరావు గారు ఇవాళ పొద్దున కూడా, "కొత్త సిస్టమ్ ఎక్కించే వారం ఉదయా, మధ్యాహ్నం నువ్వు లేకపోతే ఎలా?" అన్నారు. "ఎక్కించండి సార్. ఏదన్న ఆగితే రేపొచ్చి చూస్త," అన్నాను. నా నోట దాచిపెట్టిన యాస బయటపడింది, ఆయన కొంచెం బిత్తరపోయారు, వెళ్ళమన్నారు.

తలుపు తెరుచుకుంది. ముసలాయన్ని కూతురు నడిపించుకుని వెళ్ళింది. అటునుంచి లిఫ్టు దగ్గర చక్రాల చప్పుడు, కార్వాన్. గడ్డం గీశారు, చెంప మీద చిన్న కోత. నన్ను చూసి ఎడమ పెదవి మాత్రం నవ్వింది. ఆంటీ ఫ్లాస్కు పట్టుకుని లేచి నిలబడి, పెద్దమనిషిని చూసి లేచినట్టు, పక్కకు తప్పుకుంది.

లోపల మిస్ తియో నాకు నియమాలు చెప్పింది. చేత్తో సైగ చెయ్యకూడదు, కళ్ళతో చూపించకూడదు, మాట ఒక్కటే. నేను రెండు చేతులూ తొడల కింద పెట్టుకుని కూర్చున్నాను. ఆమె ముందు ఇంగ్లీషులో అడిగింది. క్లోజ్ యువర్ ఐస్, కార్వాన్. అతను ఆమె మెళ్ళో వేలాడే కార్డు చూస్తున్నాడు. మళ్ళీ అడిగింది. కార్డే చూస్తున్నాడు. నావైపు తల ఊపింది. నా నోరు ఎండిపోయింది, దూప, దప్పిక, దాహం, ఏదైతే అది. చావేత్ ఖో బిగ్రె, అన్నాను. ఏమీ జరగలేదు. మరీ మెల్లగా అన్నాను, అందుకే. ఊపిరి పీల్చుకుని, అడుగునుంచి గీరి, వీధి చివర ఉన్న పిల్లాణ్ణి ఇంట్లోకి పిలిచే అమ్మలాగా గట్టిగా అన్నాను. చావేత్ ఖో బిగ్రె, కార్వాన్. అతని చూపు కార్డు వదిలి నా నోటి మీదికి వచ్చింది. కనుబొమలు ముడిపడ్డాయి. అప్పుడు, చాలా నెమ్మదిగా, రెండు రెప్పలూ దిగాయి. మూసుకున్నాయి. అలాగే ఉన్నాయి. నేను తెరవమనాలని మర్చిపోయాను, అతనే కాసేపాగి తెరిచి చూశాడు.

"అగెయిన్," అంది మిస్ తియో, ముందుకు జరిగి. దస్తే ఖో బిలింద్ కె. ఎడమ చెయ్యి ఒడిలోంచి లేచింది, భుజందాకా వచ్చింది, గాలిలో ఊగుతూ ఆగింది. నాకు అరవాలనిపించింది. అరవలేదు. మిస్ తియో పెన్ను పక్కన పెట్టేసింది. "గుడ్. వెరీ గుడ్. బట్ మిసెస్ కార్వాన్, ఇవి మీరు రోజూ ప్రాక్టీస్ చేయించి ఉండొచ్చు కదా. డాక్టర్ అదే అడుగుతారు. చేయించనిది ఒకటి అడగండి. కిటికీ వైపు చూడమనండి. కెన్?"

కిటికీ. హేవీ నాకు కిటికీ చెప్పలేదు.  ఫోన్ చేసి అడగనా, అక్కడ ఇంకా తెల్లవారి ఎంతో కాలేదు, ఈమె ఆగుతుందా, పరీక్షలో అడిగి రాసినట్టు అవుతుందా. ఆగు. ఇంట్లో వర్షం జల్లు కొడితే అతనేమనేవాడు? పంజర మూసెయ్ అనేవాడు, మీకు పంజరం మాకు కిటికీ అని నవ్వేవాడు. అది సొరానీ. అక్కడ ఏమంటారో తెలియదు. తెలియకపోతే తెలియనీ. చూడుకి మాట నాదగ్గర ఉంది, నావైపు అన్నచోట కిటికీ పెడితే సరి, తప్పో ఒప్పో ఎవరూ నేర్పని, ఎక్కడా వినని, నా సొంత వాక్యం. కిటికీ వైపు చూడకుండా, అతని మొహంలోకే చూస్తూ అన్నాను. బరే ఖో బిదె పంజర.

అతను కిటికీ వైపు చూడలేదు. నావైపే చూశాడు. ఎడమ కనుబొమ పైకి లేచింది, మొహమంతా చిరాకు కమ్మింది, తప్పు లెక్క చేసిన పిల్లని చూసే పంతులు చిరాకు. పెదవులు బిగించాడు, వదిలాడు, మళ్ళీ బిగించాడు. మెడ నరాలు ఉబ్బాయి. మిస్ తియో చాలు అనబోయింది, నేను తల అడ్డంగా ఊపాను. పం, అన్నాడు. పంజ. ఊపిరి తీసుకున్నాడు. "పంజరే," అన్నాడు, చివరి ఏత్వాన్ని సాగదీసి, నొక్కి, నాకు వినబడిందా లేదా అని చూసి. అప్పుడు మెడ తిప్పి, వాన మొదలైన కిటికీ వైపు తీరిగ్గా చూశాడు.

"వాట్ డిడ్ హీ సే?" అంది మిస్ తియో.

 చేతులు తొడల కింద నుంచి తీసుకుని, వాటితోనే మొహం తుడుచుకున్నాను. "విభక్తి తప్పాను," అన్నాను, తెలుగులోనే వచ్చేసింది, మళ్ళీ ఇంగ్లీషులో చెప్పాను. "వాళ్ళ అమ్మ భాషలో కిటికీ వైపు అనాలంటే మాట చివర మారాలన్నమాట. నా గ్రామర్ దిద్దాడు." ఆమె నన్నూ అతన్నీ మార్చి మార్చి చూసి, టేబుల్ మీద ఫోన్ తీసి రిహాబ్ వార్డు నంబరు నొక్కింది, పడక ఉంచమని చెప్పింది, పేషెంట్‌కి భాష కుర్దిష్ అని చెప్పి, ఆగి, నావైపు తిరిగి ఏ కుర్దిష్ అని అడిగింది. బాదినీ, అన్నాను. అక్షరం అక్షరం చెప్పాను.

కార్వాన్ ఇంకా కిటికీ వైపే చూస్తున్నాడు, నా జవాబు కోసం చెవి ఇటు పెట్టి. నేను కుర్చీ అతని దగ్గరికి లాక్కున్నాను. పంజరే, అన్నాను. అతను తల అడ్డంగా ఊపాడు, ఇంకా సాగదియ్యమని. మళ్ళీ అన్నాను.